బీచుపల్లి శిబిరం – అలంపురం పాఠం

విద్య అంతా పుస్తకాలలోనే ఉన్నదని తలచేవారు ఒక వారం రోజులు గ్రామంలో గడిపి రావలెనని మా మనవి. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకం ఉద్దేశం కూడా అదే. ఆ పథకం క్రింద మన విద్యార్థులతో మేము బీచుపల్లిలో ఏడు రోజుల శిబిరం నిర్వహించాము.

బీచుపల్లి కృష్ణాతీరాన, హైదరాబాదు - కర్నూలు రహదారి మీద ఉన్నది. ఆంజనేయస్వామి క్షేత్రంగా దానికి ప్రసిద్ధి. ఉదయం ఫజర్ నమాజు ముగియగానే పారలు, గంపలు పట్టుకొని స్నానఘట్టాలు శుభ్రం చేసేవారం. మన పిల్లల టోపీలు చూచి మొదట వింతపడిన యాత్రికులే మూడవ రోజున పిలిచి మరీ చేతిలో కొబ్బరిముక్కలు పెట్టారు.

ఆరవ రోజున అలంపురం వెళ్లాము. బాదామి చాళుక్యుల కాలపు తొమ్మిది బ్రహ్మాలయాలు, వాటి చెంతనే షా అలీ పహిల్వాన్ దర్గా. విద్యార్థులు దర్గాలో ఫాతిహా చదివి, పురావస్తు ప్రదర్శనశాలలో ప్రవేశించారు. నల్లరాతి నటరాజును చూచి మూగవోయారు. శాసనాల ముందు నిలిచి, మన అక్షరాల పూర్వరూపాలను కూడబలుక్కొని చదువబోయి నవ్వుకున్నారు.

తరువాత కూడవెల్లి సంగమేశ్వరాలయం చూచాము. కృష్ణా తుంగభద్రల సంగమం వద్ద ఉండిన ఆ గుడి శ్రీశైలం జలాశయంలో మునిగిపోనుండగా, రాళ్లు విప్పి తెచ్చి అలంపురంలో తిరిగి నిర్మించారు. ఈ ప్రాంత చరిత్ర కోసం జీవితమంతా శ్రమించిన అలంపురం పండితుడు గడియారం రామకృష్ణశర్మగారి సంగతి కూడా చెప్పి, మా వివరణకు మేమే మురిసిపోయాము.

అప్పుడొక విద్యార్థిని మెల్లగా అడిగింది: "సార్, గుడిని రాయి రాయి విప్పి తెచ్చారు. మంచిదే. మా దాదీమా ఊరు కూడా ఆ నీళ్లలోనే పోయింది. మా పర్‌దాదా ఖబరును ఎవరు తెచ్చారు?"

మాకు జవాబు తోచలేదు. ప్రాజెక్టుల ప్రయోజనాల మీద ఏటేటా వ్యాసరచన పోటీలు పెట్టి బహుమతులిచ్చిన మేము, ఆ నీటి అడుగున ఉన్న ఊళ్ల మీద ఒక్క వ్యాసమైనా వ్రాయించలేదు. 1980ల ఆరంభంలో ఆ పల్లెలు ఖాళీ అయినప్పుడు పడుచువారుగా ఉన్నవారు నేడు వృద్ధులు. వారితోపాటే ఆ ఊళ్లు రెండవసారి మునిగిపోతాయి.

శిబిరం ముగిసిన నెలకు ఆ అమ్మాయి ఒక నోటుపుస్తకం తెచ్చి మా బల్ల మీద పెట్టింది. దాదీమా ఉర్దూలో చెప్పగా తెలుగులో వ్రాసిన పదకొండు పుటలు. మసీదు ముందరి వేపచెట్టు, మంచినీళ్ల బావి, పీర్ల పండుగనాడు నిప్పులగుండం త్రవ్వే హిందూ రైతులు, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు – సమస్తం అందులో ఉన్నది. "ఇప్పుడు ఖబరు ఎక్కడుందో నాకు తెలుసు సార్" అన్నది.

ప్రదర్శనశాల అంటే రాతి కట్టడమే కానక్కరలేదని మేము గ్రహించినది ఆనాడే. మన గ్రంథాలయంలో ఇటువంటి నోటుపుస్తకాలకు ఒక బీరువా కేటాయించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము. విద్యార్థులారా! ఈ సెలవులలో మీ ఇంటి పెద్దల చెంత కూర్చోండి. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాయండి. ఆలస్యం చేయకండి.