ఒకే గదిలో ఏడుగురు

బదిలీ కాగితం వచ్చిన ప్రతిసారీ మేము పుస్తకాలు సర్దుతాం, వంటసామాను సర్దుతాం. యాసను మాత్రం సర్దనక్కరలేదు, అదే వెంట వస్తుంది.

పోయిన ఏడాది మా తెలుగు తరగతిలో 11 మంది పిల్లలు. కొత్తగా చేరిన శ్రీకాకుళం అబ్బాయిని పేరు పెట్టి పిలిస్తే "ఏటి మేడమ్?" అన్నాడు. తరగతి గొల్లుమంది. పాఠం చెప్పే మేమూ నవ్వేశాం. వారం దాకా వాడు మళ్ళీ నోరు విప్పలేదు.

ఆ రోజుల్లోనే ఒకమ్మాయి నోటుపుస్తకం అట్ట మీద బీటీఎస్ బొమ్మ చూసి, "ఎవరమ్మా వీళ్ళు?" అని అడిగాం. గంట కొట్టేదాకా చెప్పింది. ఇంటికి వెళ్ళి మేమూ చదివాం.

దక్షిణ కొరియాలో 2013 జూన్‌లో తొలి పాటతో వచ్చిన ఏడుగురు కుర్రాళ్ళు వాళ్ళు. సుగా, వి ఇద్దరిదీ దేగు. జిమిన్, జంగ్‌కుక్‌లది బుసాన్. జె-హోప్‌ది గ్వాంగ్జు. ఆర్‌ఎం, జిన్ రాజధాని సోల్ పక్క ఊళ్ళలో పెరిగారు. సంస్థ చిన్నది కావడంతో మొదట్లో అందరూ ఒకే గదిలో పడుకునేవారు. సోల్ మాటే ప్రామాణికమైన ఆ దేశంలో, వీళ్ళు తమ యాసల మీదే 'పాల్దోగాంగ్సాన్' అని పాట కట్టారు. అందులో మా యాస గొప్పంటే మా యాస గొప్పని కీచులాడుకుంటారు. చివరికి అన్నీ కొరియన్ మాటలేగా అని కలిసిపోతారు.

2018లో వాళ్ళ 'లవ్ యువర్‌సెల్ఫ్: టియర్' అమెరికాలో బిల్‌బోర్డ్ 200 పట్టికలో మొదటి స్థానానికి చేరింది. కొరియన్ ఆల్బమ్‌కి ఆ స్థానం దక్కడం అదే మొదలు. ఆ సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో ఆర్‌ఎం, మీరు ఎక్కడివారైనా సరే, మీ గురించి మీరే చెప్పండని యువతను కోరాడు. 2020లో ఇంగ్లీషు పాట 'డైనమైట్' పాటల పట్టికలో మొదటి స్థానం అందుకుంది. కొన్ని నెలలకే, చాలావరకు కొరియన్‌లో పాడిన 'లైఫ్ గోస్ ఆన్' వస్తూనే అదే స్థానంలో నిలిచింది.

సోమవారం తరగతిలో ముందుగా ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పాం. తరువాత బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి ఏటి, ఏంది, ఏమి, ఏంటి అని రాశాం. వాడు కాసేపు చూసి, "అయితే తప్పు కాదేటి మేడమ్?" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మార్చిలో వాళ్ళ నాన్నగారికి బదిలీ అయింది. ఆ నాలుగు గళ్ళూ నోటుపుస్తకంలో ఎక్కించుకుని మరీ వెళ్ళాడు.