వేళ్లు తిమ్మిరెక్కని సైకిలు

హైదరాబాద్‌లో రోడ్ బైక్ తొక్కేవాళ్లకి అసలు సీజన్ చలికాలమే. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి గండిపేట దాటి, చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కిందుగా అనంతగిరి దాకా వెళ్లి, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరొచ్చు. ఏప్రిల్‌లో ఆ సాహసం చేసి చూడండి, తెలుస్తుంది. బ్రెవే చేయాలన్నా ఇవే హాయైన నెలలు. బ్రెవే అంటే పందెం కాదు, గడువులోపు దూరం పూర్తి చేయడం. 200 కిలోమీటర్లకి 13న్నర గంటలు, 300కి 20 గంటలు.

నాకు 200 అయిపోయింది. 300 దగ్గరే చిక్కు. వంద దాటాక చిటికెనవేలు, ఉంగరపు వేలు మొద్దుబారిపోతాయి. పోయిన జనవరిలో ఒక రైడ్ తర్వాత నాలుగు రోజులు చొక్కా గుండీలు పెట్టుకోవడమే కష్టమైంది. రోజంతా కీబోర్డు మీద బతికే మనిషిని, భయం వేసింది. అరచేతిలో చిటికెనవేలి వైపు నుంచి అల్నార్ అనే నరం వెళ్తుంది. గంటల తరబడి ఒంటి బరువు హ్యాండిల్ మీద వేసి కూర్చుంటే అది నలుగుతుంది. రోడ్డు అదురు దానికి తోడు. పైగా చలికి వేళ్లకి రక్తం తక్కువగా అందుతుంది. అందుకే అదే సైకిలు, అదే రోడ్డు అయినా డిసెంబర్లో బాధ రెట్టింపు.

కొత్త సైకిలుకి మూడున్నర లక్షలు పక్కన పెట్టాను. "ఆ డబ్బుకి మూడు స్కూటర్లు వస్తాయి కదరా" అంది అమ్మ. లెక్క కరెక్టే.

షాపులో కుర్రాడు ముందు రేస్ బైకే చూపించాడు. "అన్నా, ఒక్క చేత్తో లేపి చూడండి!" లేపాను. నిజంగానే దూదిపింజలా ఉంది. కానీ తమ్ముడూ, నేను దాన్ని మోసుకెళ్లను కదా, తొక్కుతాను! కార్బన్ అయితే చాలు సుఖంగా ఉంటుందనుకుంటారు చాలామంది. ఫ్రేమ్ ఆకారాన్ని, టైరు వెడల్పుని బట్టే ఎక్కువ తేడా వస్తుంది.

చూడాల్సిన అంకెలు రెండు. పెడల్ ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైభాగం దాకా నిలువు ఎత్తు స్టాక్, ముందుకి ఉన్న దూరం రీచ్. స్పెషలైజ్డ్ వాళ్ల రేస్ బైక్ టార్మాక్‌నీ, లాంగ్ రైడ్‌ల రూబేనీ ఒకే సైజులో పోల్చండి. రూబే స్టాక్ సుమారు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. నాలుగు సెంటీమీటర్లేగా అనిపిస్తుంది. ఎక్కి కూర్చుంటే నడుం లేస్తుంది, అరచేతుల మీద బరువు తగ్గుతుంది. జాకెట్ మీద జాకెట్ వేసుకున్న పొద్దున పొట్ట మడత పడకుండా ఊపిరి కూడా ఆడుతుంది.

తర్వాత టైర్లు. ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైర్లలో 100 పీఎస్ఐ పైన గాలి కొట్టి తొక్కేవాళ్లు. ఇప్పుడు 32 వేసుకుంటే నా 70 కిలోలకి 60 చాలు. మన హైవేల మీద వరసగా వేసిన స్పీడ్ బ్రేకర్ల గీతలున్నాయే, అక్కడ ఈ తేడా పళ్లకి కూడా తెలుస్తుంది.

ఇక కంపెనీలవాళ్ల హంగులు. ట్రెక్ డొమానేలో ఐసోస్పీడ్, జెయింట్ డిఫైలో వంగే సీట్ పోస్ట్ ఉన్నాయి. రెండూ మంచివే, కానీ సుఖం ఎక్కువగా వెనక సీటు దగ్గర. రూబేలో హ్యాండిల్ కిందే స్ప్రింగ్ ఉంది, 20 మిల్లీమీటర్లు ఆడుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు నా మాట వినక్కర్లేదు. నా బాధ చేతుల్లో, కాబట్టి నా డబ్బు హ్యాండిల్ దగ్గరే ఖర్చవ్వాలి. రూబే తీసుకున్నాను.

హైడ్రాలిక్ డిస్క్ బ్రేకుల విషయంలో మాత్రం రాజీ పడొద్దు. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు మంచుకి బిగుసుకుపోయిన వేళ్లతో లివర్ గట్టిగా పిండడం నరకం. ఇవైతే ఒక్క వేలితో ఆగుతాయి. ఎలక్ట్రానిక్ గేర్లకీ అదే సుగుణం ఉంది, బటన్ తాకితే మారిపోతాయి. వాటికి నా దగ్గర డబ్బుల్లేవు. ఉన్నా ముందు బైక్ ఫిట్టింగ్‌కీ, మంచి గ్లవ్స్‌కీ, లైట్లకీ పెట్టేవాణ్ణి. డిసెంబర్లో ఆరున్నర దాటితేగానీ సూర్యుడు రాడు మరి.

సైకిలు వచ్చే వారం చేతికొస్తుంది. వికారాబాద్ దాకా రెండుసార్లు వెళ్లొస్తాను. అప్పటికి వేళ్లు ఏం చెప్తాయో చూస్తా.