ఫార్మాట్ కొట్టేయమంటారా?

పెనుగొలనులో మోటారు ఆగిపోతే ఎవరూ పరిగెత్తుకెళ్లి కొత్త మోటారు కొనరు. ముందు స్టార్టరు డబ్బా మూత తీస్తారు. మూడు ఫేజులూ వస్తున్నాయా, ఫ్యూజు పోయిందా, కాలిన వాసనేమైనా వస్తోందా... ఒక్కొక్కటీ చూస్తారు. అదీ ఇదీ కాదని తేలాకే తిరువూరు మెకానిక్కుకి ఫోన్. మిరప చేలకీ మామిడి తోటలకీ నీళ్లు పెట్టుకునే ఊరాయె, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని ఈ పని చెయ్యని రైతు అక్కడ అరుదు.

మరి అదే రైతు ఇంట్లో కంప్యూటర్ ఆగిపోతే? 'సెంటర్లో ఇచ్చేయండి, ఫార్మాట్ కొట్టిస్తే సరి' - ఇదే మాట. మోటారు దగ్గర అంత ఓపిక చూపించేవాళ్లకి కంప్యూటర్ ముందు కూర్చోగానే ఆ ఓపిక ఏమైపోతుందో! అందులో ఉన్నది లినక్స్ అయితే ఆ ఓపికకి ఫలితం ఇంకా ఎక్కువ. ఎందుకంటే అది మొరాయించినప్పుడు నోరు మూసుకుని కూర్చోదు. ఎక్కడ నొప్పో చాలావరకు చెబుతుంది. చదివేవాళ్లు ఉండాలంతే.

ఆ ఊళ్లో డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఓ అమ్మాయి. ఇంట్లో ఓ పాత డెస్క్‌టాప్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. పోనీ విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలంది. పాత డబ్బాలో ఆ రెండూ లేవు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మావయ్య సంక్రాంతికి వచ్చినప్పుడు అందులో లినక్స్ మింట్ వేసి వెళ్లాడు. పైసా ఖర్చు లేదు. వేసవి దాకా బాగానే నడిచింది.

మామిడికాయలు కోతకొచ్చే రోజుల్లో ఓ సాయంత్రం ఈదురుగాలి. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి చాలాకాలమైంది. కరెంటు నిలబడ్డాక స్విచ్ వేస్తే రోజూ కనిపించే తెర రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లిషు అక్షరాలు... చివర బ్రాకెట్లలో 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' అన్న మాట. దాని పక్కన మినుకుమినుకుమంటూ ఓ గీత.

'హార్డ్ డిస్క్ కొట్టేసిందక్కా' అని తేల్చేశాడు తమ్ముడు. ఫోన్ చేస్తే రిపేరు సెంటర్ అతనూ ఆ మాటే అన్నాడు. 'లినక్సా? తీసేసి విండోస్ వేస్తాను. ఫార్మాట్ కొట్టేయమంటారా?' డేటాకి మాత్రం హామీ లేదట.

ఆ డేటాలో ఏముందంటే... నాయనమ్మ ఉంది. ఆవిడ పోయి ఏడాది. ఆవిడ ఫొటోలు, ఓ పెళ్లిలో పాట పాడుతుండగా తీసిన వీడియో. తీసిన ఫోన్ పాడైపోయింది, ఉన్న ఒక్క కాపీ ఇదే. నాన్న కుర్చీలో కూలబడ్డాడు. 'పోనీలేమ్మా' అన్నాడుగానీ గొంతు పూడుకుపోయింది.

అప్పుడడిగింది అమ్మ, 'ఇంతకీ అందులో ఏం రాసుందే?' అని.

అంతవరకూ ఎవరూ చదవలేదు మరి! చదివితే తేలిక ఇంగ్లిషే. డిస్కులో 'ఎస్‌డీఏ2' అన్న భాగంలో పొరపాట్లున్నాయి, వాటిని నా అంతట నేను సరిచెయ్యలేకపోయాను, మీరే ఎఫ్‌ఎస్‌సీకే నడపండి... స్థూలంగా ఇదీ సంగతి. రోగమూ మందూ రెండూ అక్కడే రాసి ఉన్నాయి.

ఇదెందుకు వస్తుందో పాతకాలంలో కొట్లో పద్దులు రాసినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. జరిగిన లావాదేవీ ముందు చిట్టాలోకి ఎక్కుతుంది, తరవాత ఆవర్జాలోకి. లినక్స్‌లో ఎక్కువమంది వాడే ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ పద్ధతీ ఇంచుమించు అంతే. ఏ ఫైలు ఎక్కడుందన్న లెక్కల్లో మార్పు వస్తే ముందు చిట్టాలో రాసుకుంటుంది. దాని పేరు జర్నల్. మధ్యలో కరెంటు పోతే, మళ్లీ లేచాక ఆ చిట్టా చూసి ఆవర్జా సరిచేసుకుంటుంది. చాలాసార్లు ఆ పని జరిగినట్టు కూడా మనకి తెలీదు. ఎప్పుడో ఓసారి రెండింటికీ పొంతన కుదరదు. అప్పుడు తోచినట్టు దిద్దెయ్యకుండా యజమానిని పిలుస్తుంది. ఎఫ్‌ఎస్‌సీకే అనేది మొత్తం పద్దులన్నీ మళ్లీ తనిఖీ చేసే గుమస్తా.

గుమస్తాని వెంటనే పిలవనివ్వలేదు మావయ్య. 'అమ్మడూ, ముందు దాని జోలికెళ్లకు. నేను ఇచ్చిన పెన్‌డ్రైవ్ ఉందిగా, దాంతో లేపు' అన్నాడు ఫోన్లో. లినక్స్‌లో ఉన్న పెద్ద సుగుణం ఇది. హార్డ్ డిస్కుతో పని లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే మొత్తం కంప్యూటర్ నడుస్తుంది. అలా లేపి, డిస్కులోని ఫొటోలు తెరిచి ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. రిపేరు ఆ తరవాతే. ఎఫ్‌ఎస్‌సీకే డిస్కు మీద రాస్తుంది కదా, పొరపాటు లెక్కల్లో కాకుండా డిస్కులోనే ఉంటే ఆ రాతతో ఉన్నదీ పోవచ్చు. కటకటమని చప్పుడొస్తున్న డిస్కైతే అసలు ముట్టుకోకూడదు.

ఫొటోలొచ్చాయి. వీడియో వచ్చింది. అప్పుడు తిరిగి నల్ల తెర దగ్గరికెళ్లి ఎఫ్‌ఎస్‌సీకే, ఎస్‌డీఏ2 అని కొడితే, ఇది సరిచెయ్యనా, అది సరిచెయ్యనా అని అడగడం మొదలెట్టింది. అన్నింటికీ సరేనంది అమ్మాయి. ఎగ్జిట్ అని కొట్టాక రోజూ వచ్చే తెర వచ్చింది. రాత్రి పదకొండైంది.

సెంటర్ అతన్ని తిట్టుకోనక్కర్లేదు. ఫార్మాట్ అలవాటైన పని, ఇంత అని రేటుంది. తెర మీది నాలుగు వరుసలు చదివి, ముందు ఫొటోలు కాపాడి, ఆనక రిపేరు చేస్తే సగం రోజు పోతుంది. దానికి డబ్బులిచ్చేదెవరు?

అసలు ఈ ఉద్యమం కథ చెప్పేటప్పుడు ఎప్పుడూ ఓ రిపేరుతోనే మొదలెడతారు. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ పరిశోధనశాలకి జిరాక్స్ కంపెనీ ఓ లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అందులో తరచూ కాగితం ఇరుక్కునేది. అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ అంతకుముందున్న ప్రింటర్‌కి ఓ ఏర్పాటు చేశాడు. కాగితం ఇరుక్కోగానే, ప్రింట్ కోసం కాచుకున్నవాళ్లకి కబురు వెళ్లేది. కొత్తదానికీ అలాగే చేద్దామంటే ప్రోగ్రామ్ మూలం ఇవ్వలేదు. తన యంత్రం తనకేం చెప్పాలో తానే నిర్ణయించుకోలేకపోవడం ఆయనకి మింగుడుపడలేదు. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నల్ దానికి జతకూడింది.

మిగతా చిక్కులు ఇంత గుండె దడ పుట్టించవు. సరదాగా ఉండేవీ ఉన్నాయి. ఒకే కంప్యూటర్లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లకి గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తేడా చూపిస్తుంది. దయ్యం పనేం కాదు. లోపలి గడియారంలో ఉన్నది గ్రీనిచ్ సమయమని లినక్స్ అనుకుంటుంది, మన సమయమేనని విండోస్ అనుకుంటుంది. మనకీ గ్రీనిచ్‌కీ తేడా ఐదున్నర గంటలే కదా! లినక్స్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' అన్న ఒక్క వరుసతో ఇద్దరికీ రాజీ కుదురుతుంది.

కొత్త ప్రోగ్రామ్ వెయ్యబోతే 'తాళం దొరకలేదు' అంటుంది ఒక్కోసారి. వెనకాల అప్‌డేట్ నడుస్తోందని అర్థం. పది నిమిషాలు ఆగితే అదే తీస్తుంది. తాళం పగలగొట్టే చిట్కాలు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, వినకపోవడం మేలు. పెన్‌డ్రైవ్‌లో కాపీ అయిపోయిందని కనిపించగానే లాగేస్తే ఇంటికెళ్లాక ఖాళీ ఫైళ్లు కనిపించొచ్చు. ఎజెక్ట్ నొక్కి, తియ్యొచ్చని చెప్పేదాకా ఆగాలి.

తెలుగు బదులు చిన్నచిన్న డబ్బాలు, వాటిలో 0సీ అంటూ మొదలయ్యే అంకెలు కనిపిస్తే అక్షరాలు పోయినట్టు కాదు, ఫాంటు లేనట్టు. లోహిత్ తెలుగో, తిరుమల కృష్ణ దేశికాచారి చేసిన పోతన2000 ఫాంటో వేస్తే తేటగా వచ్చేస్తాయి. పాత డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన పెళ్లి శుభలేఖ మాత్రం ఇలా బాగుపడదు. అది యూనికోడ్ కాదు, దాన్ని మార్చే పరికరం విడిగా వాడాలి.

అన్నీ కుదురుతాయని చెబితే అబద్ధమే. కొన్ని వైఫై చిప్పులకి లినక్స్‌లో డ్రైవర్ వెతుక్కోవాల్సి వస్తుంది. కొన్ని ప్రింటర్లు ఏం చేసినా కదలవు. విండోస్ ఒక్కదానికే రాసిన ప్రోగ్రాములు కొన్ని లినక్స్‌లో నడవనే నడవవు. ప్రింటర్ కొనేముందు లినక్స్‌లో పనిచేస్తుందా అని అడగడం, కొన్నాక బాధపడటం కంటే చవక.

ఇంకో లోటూ ఉంది. మెనూలు, బొత్తాలు, డెస్క్‌టాప్ మీద కనిపించే మాటలు తెలుగులోకి తేవడానికి స్వేచ్ఛ లాంటి సంస్థలు, ఎందరో స్వచ్ఛంద అనువాదకులు ఏళ్లుగా కష్టపడ్డారు. ఆ నల్ల తెర మీది మాటలు మాత్రం ఇంగ్లిషులోనే వస్తాయి. ఏం రాసుందని అడిగిన అమ్మ అక్కడ తనంతట తాను చదువుకోలేదు.

కూతురు ఓ నోటుపుస్తకం పెట్టింది. ఎడమవైపు కంప్యూటర్ అన్న మాట, దాని కింద తెలుగులో అర్థం, కుడివైపు ఏం చేస్తే కుదిరిందో. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వచ్చింది. నాయనమ్మ ఫొటోలున్న పెన్‌డ్రైవ్‌ని నాన్న బీరువాలో, పొలం కాగితాల పక్కన పెట్టాడు.