సొరపాదులో బగ్గు

రైతు కొడుకునే అయినా విత్తనం ఎంత లోతులో పెట్టాలో నాకు తెలీదు. నా ఇంజనీరింగు ఫీజులకి నాన్న అరెకరం అమ్మారు. అందుకేనేమో, జూన్‌లో కూకట్‌పల్లి అద్దింటి మేడ మీద ఐదు కుండీలు, సొరపాదుకి ఒక డ్రమ్మూ పెట్టినప్పుడు ఇంటికి చెప్పలేదు.. నవ్వుతారని.

తోటకూర నెల్లోపే కూరకొచ్చింది. బెండకి పేనుబంక పడితే, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టా. తగ్గింది.

అసలు బగ్గంతా సొరపాదుతోనే! పందిరి నిండా పూలు. పిందె వేలెడంత కాగానే పసుపెక్కి రాలిపోవడం. ఎరువు మార్చా, నీళ్ళు తగ్గించా. మగపువ్వు కోసి ఆడపువ్వుకి అద్దాలని (కింద బుజ్జి సొరకాయ ఉంటే ఆడపువ్వు లెండి) ఎక్కడో చదివి, రోజూ ఆఫీసుకెళ్ళే ముందు తొమ్మిదింటికి అద్దా. అయినా తొమ్మిది పిందెలు పోయాయి.

ఇక లాభం లేదని నాన్నకి ఫోన్ చేశా. నవ్వలేదు.

"ఎన్నింటికి అద్దుతున్నావురా?"

చెప్పా.

"సొరపువ్వు పొద్దువాలాక విచ్చుద్ది. నువ్వెళ్ళేసరికి వాడిపోయుంటది."

ఆ సాయంత్రం ఆరున్నర కాల్ ఎగ్గొట్టి మేడెక్కా. ఆ వారంలో మూడు నిలిచాయి.

మొన్న శనివారం ఒకటి పట్టుకుని ఊరెళ్ళా. నాన్న గోరు గుచ్చి చూసి "లేతగానే కోశావ్" అన్నారు. సాయంత్రం ఇద్దరం అమ్మేసిన చేను దాకా నడిచాం. ఇప్పుడక్కడ మిరప వేశారు. నాన్న వంగి ఓ ఆకు తిరగేసి చూశారు.

"ముడతొస్తోంది. వాళ్ళకి చెప్పాలి."