చేపల్లేని కొలనులో గాలం

ముందే చెప్పేస్తున్నా, ఈ కథలో ఒక్క చేప కూడా పడదు. చేపల పులుసు ఆశతో వచ్చినవాళ్ళు క్షమించాలి :)

2023లో ఒక మంగళవారం, పొద్దున్న పదిన్నర. ఆఫీసులో స్టాండప్ మీటింగులో ఉండాల్సినవాణ్ణి, శాన్ ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో బైసన్లు మేసే దొడ్డి చుట్టుపక్కల తిరుగుతున్నా. కారణం మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. అంతకు పదకొండు రోజుల ముందు పొద్దున్నే ఓ మెయిలొచ్చింది, మధ్యాహ్నానికి లాప్‌టాప్‌లో లాగిన్ పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోడానికి మహా అయితే 60 రోజులు. మా ఆవిడ ఏమీ అనేది కాదు. ఆ ఏమీ అనకపోవడమే భరించలేక బయటపడ్డాను. ఊళ్ళో అమ్మానాన్నలకి ఇంకా చెప్పలేదు.

దొడ్డికి అవతల చెట్ల మధ్య మూడు పెద్ద సిమెంటు కొలనులున్నాయి. 1930ల చివర్లో, మహామాంద్యం రోజుల్లో, పనిలేనివాళ్ళకి పని కల్పించే డబ్ల్యూపీఏ పథకం కింద కట్టినవట. నిరుద్యోగులు కట్టిన కొలను దగ్గరికి సరిగ్గా సమయానికే చేరానన్నమాట.

గట్టు మీద ఓ పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి, సన్నటి పొడుగాటి గాలపు కర్ర ఊపుతున్నాడు. కర్ర చివర నుంచి పసుప్పచ్చని దారం వెనక్కి వెళ్ళి, చాపలా విప్పుకుని, మళ్ళీ ముందుకొచ్చి నీళ్ళమీద చప్పుడు లేకుండా వాలుతోంది. కాసేపు చూసి, ఉండబట్టలేక అడిగాను.

"ఇక్కడ ఏం చేపలు పడతాయండీ?"

"ఏమీ పడవు. ఇందులో చేపల్లేవు."

దారం చివర చూస్తే నిజంగానే కొక్కెం లేదు, చిన్న ఊలు ముక్క కట్టి ఉంది. ఇది గాలం విసరడం సాధన చేసుకునే చోటట. నేను నోరెళ్ళబెట్టాను. చేపల్లేని చెరువులో గాలమెయ్యడం మావైపు తిట్టు కింద లెక్క!

ఆయన తన టోపీ తీసి నలభై అడుగుల అవతల గట్టు మీద పెట్టి వచ్చాడు. రెండు ఊపులు ఊపాడు, మూడోదానికి ఊలు ముక్క టోపీలో పడింది. తర్వాత దారిలో ఉన్న చెత్తడబ్బా చుట్టూ దారాన్ని వంకర తిప్పి దాని వెనకాల పడేశాడు. చప్పట్లు కొట్టేశాను. ఆయనకి అది నచ్చినట్టు లేదు. "ఇవి గారడీలు కాదు, ఒక్కోటి ఎందుకో చెప్తా రా" అన్నాడు.

మన గాలానికి సీసం గుండు కడతాం కదా, ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఈ ఫ్లై ఫిషింగులో ఎర అంటే ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగ, దానికి బరువే ఉండదు. బరువంతా లావుపాటి దారానిదే. అది వెనక్కి వెళ్ళి పూర్తిగా సాగితేనే ముందుకు తోసినప్పుడు కర్ర విల్లులా వంగుతుంది.

ఇక ట్రిక్కులు. వెనకాల చెట్లున్నాయా? దారం వెనక్కి విసిరే వీల్లేదు, అందుకని నీటిమీదే పక్కకి లాక్కుని చక్రంలా ముందుకు దొర్లిస్తారు, అది రోల్ కాస్ట్. ఏటి మధ్యలో నీరు జోరుగా, అవతలి ఒడ్డున నెమ్మదిగా పారుతోందా? మధ్యలో పడ్డ దారం కొట్టుకుపోతూ ఈగని ఈడ్చేస్తుంది. నీటివాలుకి భిన్నంగా కదిలే ఈగని ట్రౌట్ చేప నమ్మదు. కాబట్టి దారం గాల్లో ఉండగానే కర్రని ఎగువకి వాల్చాలి, లేదా దారం పాములా మెలికలు తిరిగి పడేలా కర్రని వణికించాలి. ఆ మెలికలు సాగేదాకా ఈగ హాయిగా తేలుతుంది.

నా సాఫ్ట్‌వేర్ బుర్రకి అప్పుడు వెలిగింది. మనకి విన్యాసంలా కనిపించిన ప్రతీదీ, ఎప్పుడో ఎక్కడో ఎవరికో తగిలిన బగ్‌కి ఫిక్స్!

జోన్ వుల్ఫ్ అనే ఆవిడ గురించీ చెప్పాడు. 1951లో అందరూ మగవాళ్ళే ఉన్న దూరం పోటీలో గెలిచిందట, 1960లో 161 అడుగులు విసిరిందట. "బలం కాదు, ఆగడం" అన్నాడు.

కర్ర నా చేతికిచ్చాడు. మొదటిసారి ఊలు ముక్క నా చెవికి తగిలింది. రెండోసారి దారం మెడకి చుట్టుకుంది. మూడోసారి కొరడాలా ఛెళ్ళుమంది. "నీటిలో ఐతే ఈ దెబ్బకి ఈగ తెగిపోయుండేది. దారాన్ని వెనక్కి వెళ్ళనివ్వట్లేదు నువ్వు. తల తిప్పి చూడు" అన్నాడు. చూశాను. దారం వెనకాల విప్పుకుంటూ, విప్పుకుంటూ... అది తిన్నగా అయ్యేదాకా ఆగడానికి పట్టేది ఒక్క క్షణమే, కానీ చెయ్యి ఆగదే! ఓ గంట తర్వాత ఒక్కటి సరిగ్గా వెళ్ళింది. ఆ గంటలో 60 రోజుల లెక్క ఒక్కసారీ గుర్తురాలేదు.

చిన్నప్పుడు కాలవగట్టున మా పెదనాన్న పక్కన కూర్చుని నేనూ గాలమేసేవాణ్ణి. వెదురు కర్ర, ఎర్రలు, బెండు. బెండు కాస్త ఊగితే చాలు లాగేసేవాణ్ణి, ఎర తిని చేప పోయేది. "ఊగినప్పుడు కాదురా, మునిగినప్పుడు" అని రోజూ అదే మాట.

ఆ సాయంత్రం పెదనాన్నకే ఫోన్ చేశాను. టోపీ సంగతి, చెత్తడబ్బా సంగతి చెప్తుంటే పడీపడీ నవ్వి, "చేపల్లేకపోతే మరి కూరేంట్రా?" అన్నాడు. తర్వాత ఆగి, "మంగళవారం పూట పార్కులో ఉన్నావేంటి, ఆఫీసు లేదా?" అన్నాడు.

దొరికిపోయాను. చెప్పేశాను.

కాసేపు అటునుంచి మాట లేదు. "సరే, మీ నాన్నకి నేను చెప్తాలే. నువ్వు మాత్రం కంగారుపడి లాగెయ్యకు."

యాభై మూడో రోజున ఉద్యోగం దొరికింది. గాలం విసిరితే ఉద్యోగాలొస్తాయని కాదు నేననేది, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కాకపోతే ఇప్పటికీ వీలున్న శనివారాలు అక్కడికి వెళ్తుంటాను. పెద్దాయన కనిపిస్తే నవ్వి టోపీ తీసి గట్టు మీద పెడతాడు. అందులో నా ఊలు ముక్క ఇంతవరకూ పడలేదు. అదండీ సంగతి.