తరవాణి తోడు

1883లో కోపెన్‌హేగను నగరపు కార్ల్స్‌బర్గు ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ బీరును పులియించు ఈస్టునుండి ఒక్క కణమును వేరుచేసి, దాని సంతతినే పెంపొందించెను. తిరువల్లిక్కేణిలోని మా యమ్మమ్మకు సూక్ష్మదర్శిని లేదు, ముక్కు కలదు. తరవాణికుండను ప్రతి యుదయమును వాసన చూచెడిది. బీరుతో పోల్చితినని వినినచో గరిటె యెత్తియుండెడిది! నిజమునకు తరవాణిని ముఖ్యముగా పులియించునవి పాలను పెరుగు చేయు జాతి సూక్ష్మజీవులే. పులుపు ఇంపుగా నున్ననాడు అడుగున కొంత మిగిల్చి, చల్లార్చిన గంజియు బియ్యపుకడుగును పోసెడిది; ఆ మిగిలినదే తోడు. చెన్నపట్టణపు వేసవిలో పులుపు త్వరగా మీరును గనుక తోడు తగ్గించి, కుండను తడియిసుకపై నుంచెడిది; మార్గశిరమున తోడు హెచ్చించెడిది. బూజువాసన తోచినచో అంతయు పారబోసి, పొరుగు తెలుగువారింట చెంబెడు తోడు అడిగి తెచ్చెడిది. నేడు మా వీధిలో అట్లు అడుగదగిన యిల్లు లేదు. అందుచే ఒక సీసాలో కొంత తోడు ఫ్రిజ్జులో దాచుచున్నాను. కావలసినవారు చెంబు తెచ్చుకొనవచ్చును.