తాగుతాడని తెలిసే పిలిచారు

ఉద్యోగం అడగడానికి వచ్చినవాడు తాగి తూలుతుంటే ఎవరైనా ఏం చేస్తారు? మర్యాదస్తులైతే మరోసారి రమ్మంటారు, కానివాళ్లైతే వీధిగుమ్మం చూపిస్తారు. పారడైజ్ అనే వూళ్లో పెద్దలు మాత్రం అలాంటివాణ్ణి ఏరి కోరి తమ వూరికి పోలీసు ఛీఫ్‌గా వేసుకున్నారు. తెలియక కాదు, తెలిసే!

వూరు కల్పితమే లెండి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో సముద్రపు వొడ్డున వున్నట్టుగా రాబర్ట్ బి. పార్కర్ అనే నవలాకారుడు దాన్ని కల్పించాడు. జెస్సీ స్టోన్ అనే ఈ పోలీసు ఛీఫ్ కథ 1997లో 'నైట్ పాసేజ్' నవలతో మొదలైంది. 2005 నుంచి 2015 దాకా టామ్ సెలెక్ ఆ వేషం కట్టగా తొమ్మిది టెలివిజన్ చిత్రాలు వచ్చాయి. బోస్టన్‌లో వుంటున్న మా మేనల్లుడు, "అత్తా, నీకు డిటెక్టివులంటే సరదా కదా, ఇవి చూడు" అని పోరగా, వేసవి సెలవుల్లో రాత్రి భోజనాలయ్యాక మావారూ, అత్తగారూ, నేనూ వరసగా అన్నీ చూసేశాం. అత్తగారికి ఇంగ్లీషు రాదు. అయినా దొంగని ఆవిడే ముందు పట్టేసేవారు.

ఈ పార్కర్ కూడా నాలాగే కాలేజీలో పాఠాలు చెప్పినవాడే. డిటెక్టివ్ నవలలు రాసినవాళ్ల మీదే పరిశోధన చేసి డాక్టరేటు పుచ్చుకున్నాడు. నా చదువు రోజుల్లో కొమ్మూరి సాంబశివరావు నవలల మీద థీసిస్ రాస్తానని వుంటే, మా గురువుగారు కళ్లజోడు తీసి నన్ను పైనుంచి కిందకి చూసి వుండేవారు.

సరే, ఆ వూరివాళ్ల తెలివి సంగతి. మన సబినస్పెక్టరుగారి పైన సర్కిల్ వుంటాడు, ఆయన పైన డీఎస్పీ, ఆ పైన ఎస్పీ. బదిలీ అయినా, మెమో అయినా పైనుంచే రావాలి. అక్కడి చిన్న వూళ్లలో అలా కాదు. వూరి పోలీసు వూరిదే. జీతం వూరి పన్నుల్లోంచి ఇస్తారు. ఛీఫ్‌ని వేసేదీ తీసేదీ వూరి పెద్దలే. హత్య జరిగితే రాష్ట్ర పోలీసులు వస్తారు గానీ మిగతా రోజులన్నీ ఛీఫ్‌దే రాజ్యం. అంటే, పెద్దలు తప్పుచేస్తే పట్టుకోవలసినవాడు ఆ పెద్దల జీతగాడే నన్నమాట! అందుకే చాటు వ్యవహారాలున్న కౌన్సిల్ పెద్దకి జెస్సీ స్టోన్ నచ్చాడు. లాస్ ఏంజిలిస్‌లో హత్యకేసులు చూసిన గొప్ప డిటెక్టివ్, పెళ్లాంతో విడిపోయాడు, తాగుడు వల్ల కొలువు పోయింది. ఇలాంటివాడు నోరెత్తడు అనుకున్నాడు పెద్దమనిషి.

ఆ సన్నివేశం దగ్గర మావారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా బాబాయి గుర్తొచ్చాడు.

బాబాయి హెడ్‌కానిస్టేబులు. ఏ వూళ్లో అన్నది ఇప్పుడెందుకు? సాయంత్రం అయితే తాగేవాడు. పొద్దున ఆయనంత మంచివాడు లేడు. మా పిల్లలందరికీ లెక్కలు చెప్పింది ఆయనే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. మా పిన్ని ఆ రోజు దేవుడి దగ్గర దీపం పెట్టింది. పాపం, ఆవిడకేం తెలుసు? దాడుల్లో పట్టుకున్న సీసాలన్నీ తెచ్చి స్టేషన్ వెనక గదిలో పెట్టారు. ఆ గది తాళంచెవి పిలిచి మరీ బాబాయి చేతికిచ్చారు.

కొన్నాళ్లకి సీసాల లెక్క తగ్గింది. విచారణ జరిగింది. చిట్టాలో సంతకాలన్నీ బాబాయివే. సాయంత్రాలప్పుడు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేవాడు మరి. పోయిన సరుకంతా ఆయనే తాగాడని రాసి ఇంటికి పంపారు. "అన్ని సీసాలు ఒక్కడే తాగితే నెల తిరక్కుండా చస్తాడు. ఈయన బతికే వున్నాడుగా!" అంది పిన్ని. ఆ మాట విచారణ చేసినవాళ్లెవరూ రాసుకోలేదు. 1997లో నిషేధం సడలించారు. బాబాయి ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు.

అందుకే ఈ కథలో జెస్సీ తనని పెట్టుకున్న పెద్దమనుషుల మీదికే తిరిగినప్పుడు నేను కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాను. వాళ్ల లెక్క తప్పింది! తాగేవాడికి బుర్ర వుండదనుకోవడం ఒక పొరపాటు, సిగ్గు వుండదనుకోవడం ఇంకో పొరపాటు.

అలాగని అన్నీ మెచ్చుకోలేను. ఆ చిత్రాల్లో తాగుడు మరీ అందంగా వుంటుంది. నీటి వొడ్డున ఒంటరి ఇల్లు, గ్లాసులో విస్కీ, కాళ్లదగ్గర రెజీ అనే కుక్క. మొదటి చిత్రం 'స్టోన్ కోల్డ్'లో హత్యకి గురైనవాడి కుక్క అది. దిక్కులేకపోతే ఈయన తెచ్చుకున్నాడు. యజమాని గ్లాసు నింపుకున్నప్పుడల్లా అది ఒక చూపు చూస్తుంది. ఆ కుక్క నటన ముందు చాలామంది నటులు దిగదుడుపే. కానీ తెల్లారేసరికి జెస్సీ చొక్కా నలగదు, చెయ్యి వణకదు. మా అత్తగారు ఒకటే మాట అన్నారు: "ఇల్లెంత శుభ్రంగా వుందో చూశావుటమ్మాయ్? ఇది తాగేవాడి ఇల్లు కాదు."

ఒక్కచోట మాత్రం నిజం చెప్పారు. దొంగలు పట్టుబడుతూనే వుంటారు, ఈయన సీసా సీసాగానే వుంటుంది. కేసు తేలితే మనిషి బాగుపడడు. డాక్టర్ డిక్స్ అనే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లి కూర్చుంటాడు. ఆ డాక్టరూ ఒకప్పుడు పోలీసే, తాగి మానినవాడే. జాలి చూపించడు, తిట్టడు. అడిగిందే మళ్లీ అడుగుతాడు. మా బాబాయికి తాయెత్తు కట్టించారు, కొండకి మొక్కుకున్నారు, బంధువులంతా వరసగా చీవాట్లు పెట్టారు. ఎదురుగా కూర్చుని ఎందుకు తాగుతున్నావని అడిగి, జవాబు చెప్పేదాకా ఆగినవాళ్లు మాత్రం లేరు.

ఇక జెన్. జెస్సీ విడిచిన భార్య. రాత్రిపూట ఆమె ఫోను చేస్తుంది, ఈయన మాట్లాడతాడు, పెట్టేశాక మరో గ్లాసు. చిత్రాల్లో ఆమె గొంతే తప్ప మనిషి కనపడదు. నవలల్లో అలా కాదు. ఆమె బోస్టన్ వచ్చి టెలివిజన్‌లో వాతావరణం చెప్పే ఉద్యోగంలో చేరుతుంది, ఆవిడకీ ఒక బతుకుంటుంది. టెలివిజన్‌వాళ్లు ఆ బతుకంతా కోసేసి గొంతు మిగిల్చారు. ఆయన దుఃఖానికి అదే చాలనుకున్నారు కాబోలు. బాబాయి గురించి మా ఇళ్లలో ఇప్పటికీ కథలు చెప్పుకుంటాం, నవ్వుకుంటాం కూడా. పిన్ని ఆ సాయంత్రాలు ఎలా గడిపిందో నేనే ఎప్పుడూ విన్నది లేదు.

తొమ్మిదో చిత్రం అయిపోయి పేర్లు వస్తుంటే అత్తగారు కుర్చీ దిగలేదు.

"ఆ ఫోనుచేసే పిల్ల మొహం ఎప్పుడు చూపిస్తారమ్మా?"

"ఇదే ఆఖరిది అత్తయ్యా" అన్నాను.

"అదేమిటి మరి!" అని ఆవిడ ఇంకా తెరకేసే చూస్తూ కూర్చున్నారు.